లంకకి రాని వంతు

జర్మనీ,
ఫిబ్రవరి, శనివారం పొద్దున్న

అక్కకి,

కరుణ రాస్తున్నది. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వూ బావగారూ మెర్సీ ఆరోగ్యంగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బడికి ఇంకా సైకిలు మీదే వెళ్తున్నావా, చెప్పిన మాట విని బస్సెక్కుతున్నావా? బావగారి దగ్గు తగ్గిందా? మెర్సీకి పరీక్షలు ఎప్పుడు?

నీ ఉత్తరం చేరి పన్నెండు రోజులైంది. వెంటనే జవాబు రాయలేదు. మొన్న ఆదివారం ఫోను చేసినప్పుడు నువ్వు "గొంతేంటే అలా ఉంది, జలుబు చేసిందా?" అనడిగితే అవునన్నాను. జలుబేమీ లేదు. కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని పెట్టేశాను. అదీ నిజం కాదు. ఫోనులో చెప్పడం చేతకాక, ఉత్తరంలో అయితే మొదటి నుంచి చివరి దాకా వరసగా చెప్పొచ్చని ఇలా కూర్చున్నాను. కూర్చున్నాను అంటున్నానే గాని ఈ నాలుగు ముక్కలు రాసేలోపు మూడుసార్లు లేచాను. ఒకసారి కిటికీ దగ్గరికి, ఒకసారి టీ పెట్టుకోవడానికి, ఒకసారి ఊరికే.

కంగారు పడకు. ఒంట్లో బాగానే ఉంది. వేళకి తింటున్నాను. ఇక్కడ టర్కీ వాళ్ళ కొట్లో బియ్యం దొరుకుతున్నాయి, పప్పు దొరుకుతుంది. నువ్వు పంపిన ఎండు రొయ్యలు ఒకసారి వేయించాను. ఇంటావిడ కిటికీలన్నీ తెరిచి, నా గది తలుపు కొట్టి, ఏదైనా కాలిపోతోందా అని మర్యాదగా అడిగింది. అప్పటి నుంచి ఆ పొట్లం విప్పలేదు. చలి మాత్రం బాగా ఉంది. మంచు పడి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి దారంతా జారుడుగా ఉంటోంది. పొద్దున్న ఎనిమిదింటికి గాని తెల్లారదు. డబ్బు నోట్లు కూడా మారిపోయాయి. పాతవి అలవాటయ్యేసరికి కొత్తవి ఇచ్చారు, కొట్లో ఏది ఎంతో తెలియక అందరూ నాలాగే తడుముకుంటున్నారు. ఆ ఒక్క విషయంలో నేనూ ఈ ఊరివాళ్ళూ సమానం.

ఆదివారాలు గుడికి వెళ్తున్నాను. చర్చి పాటలు వాళ్ళ భాషలో పాడతారు, రాగం మాత్రం కొన్ని మనకి తెలిసినవే. అప్పుడు నేను తెలుగు మాటలు పెట్టి లోలోపల పాడుకుంటాను. పక్కావిడ నావైపు చూసి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. వారం మొత్తం మీద చదువు సంగతి కాకుండా మనిషి మొహం చూసి నవ్వేది అదొక్కసారే.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో నా పేపరు గురించి రాశావు. కరుణ రాసిన పేపరు పెద్ద సభకి ఎంపికైందని చర్చిలో చెప్పారనీ, అయ్యగారు స్తోత్ర ప్రార్థన చేశారనీ, మీ హెడ్మాస్టరు గారు బడి బోర్డు మీద నా పేరు రాయించారనీ. బోర్డు ముందు మెర్సీని నిలబెట్టి తీసిన ఫోటో కూడా పెట్టావు. ఆ ఫోటో నా బల్ల మీదే ఉంది. బోర్లా పెట్టి ఉంది.

అక్కా, ఆ పేపరు తప్పు.

అచ్చుతప్పు కాదు, దిద్దుకుంటే పోయేది కాదు. అందులో ఉన్న ముఖ్యమైన మాటే తప్పు. ఎలా తప్పో నీకు చెప్తాను. చర్చిలో వాళ్ళకి అక్కర్లేదు గాని నీకు చెప్పాలి. నాకు లెక్కలు నేర్పింది నువ్వు. వాల్తేరులో ఎమ్మెస్సీ సీటు వచ్చి కూడా, నాన్నగారు చనిపోయిన ఏడాది నన్ను చదివించడానికి టీచరు ఉద్యోగంలో చేరింది నువ్వు. ఈ సంగతి నీకు పైపైన చెప్పి తప్పించుకుంటే నాకు నిద్ర పట్టదు.

నేను చేసేది ఏమిటని అడిగినప్పుడల్లా ఆటల మీద పని అని ఊరుకునేదాన్ని. "ఆటలాడుకోడానికి అంత దూరం పంపించేమా" అని బావగారు నవ్వేవారు. ఇప్పుడు సరిగ్గా చెప్తాను. కాగితం మీద కొన్ని సున్నాలు గీసి, వాటి మధ్య బాణాలు గియ్యి. ఒక సున్నాలో చింతగింజ పెట్టు. ఆడేవాళ్ళు ఇద్దరు. కొన్ని సున్నాలు నావి, మిగతావి ఎదుటివాడివి. గింజ నా సున్నాలో ఉంటే ఏ బాణం వెంట జరపాలో నేను చెప్తాను. వాడి సున్నాలో ఉంటే వాడు చెప్తాడు. ఈ ఆటకి ముగింపు లేదు, గింజ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆగకుండా నడవాల్సిన యంత్రాలు ఉంటాయి కదా, లిఫ్టులు, రైలు సిగ్నళ్ళు. యంత్రం ఒక ఆటగాడు, బయటి లోకం రెండో ఆటగాడు. లోకం ఏం చేసినా యంత్రం నెగ్గుకురావాలి. నేను వేసుకున్న ప్రశ్న ఒక్కటే: నెగ్గాలంటే ఎంత గుర్తుపెట్టుకోవాలి? కొన్ని ఆటల్లో ఏమీ గుర్తుండక్కర్లేదు, గింజ ఎక్కడుందో చూస్తే చాలు. కొన్నిటిలో జరిగినదాంట్లో కొంత గుర్తుండాలి. ఎంత కొంత అన్నదే నా పని.

నాన్నగారిని ఉదాహరణగా తీసుకుంటాను. పాస్టరుగా ఆయన చేతికింద మూడు సంఘాలు ఉండేవి కదా, మలికిపురం పక్కన ఒకటి, అంతర్వేది పల్లిపాలెంలో ఒకటి, రేవు దాటితే ఏటి మధ్య లంకలో ఒకటి. రోజుకి ఒక్కచోటికే వెళ్ళగలరు. ఏ రోజు ఏ రెండు దారులు తెరిచి ఉంటాయో ఆయన చేతిలో లేదు. రేవు దాటించే పంటు తిప్పరు, లేకపోతే గట్టు తెగుతుంది, లేకపోతే రోడ్డు మునుగుతుంది. అది ఎదుటివాడి ఎత్తు. తెరిచి ఉన్న రెండిటిలో ఒకటి ఎంచుకోవడం నాన్నగారి ఎత్తు. ఒక సంఘానికి దారి మళ్ళీ మళ్ళీ తెరుచుకుంటున్నా ఆయన ఎప్పటికీ అక్కడికి వెళ్ళకపోతే ఓడినట్టు.

నేను పేపరులో చెప్పింది ఏమిటంటే, ఇలాంటి ఆటలన్నిటిలో వంతు ఎవరిదో గుర్తుంటే చాలు అని. మలికిపురం, పల్లిపాలెం, లంక, మళ్ళీ మలికిపురం. వంతు వచ్చినవాళ్ళ దారి మూసి ఉంటే వరసలో తర్వాతివాళ్ళ దగ్గరికి వెళ్ళు, అక్కడి నుంచి వంతు ముందుకి జరుపు. మూడు సంఘాలైతే మూడు సంగతుల్లో ఒకటి గుర్తుండాలి, పదైతే పదిలో ఒకటి. ఎంత తేలికో చూడు. పంతొమ్మిది పేజీల నిరూపణ రాశాను. ప్రొఫెసరు గారు చదివారు, సభవాళ్ళు ముగ్గురి చేత చదివించారు. అందరూ బాగుందన్నారు.

పంతొమ్మిది రోజుల కిందట, సోమవారం, సభలో చూపించడానికి ప్లాస్టిక్ షీట్ల మీద బొమ్మలు గీస్తున్నాను. వినేవాళ్ళకి తేలిగ్గా అర్థమవ్వాలని మూడే చోట్లున్న చిన్న ఉదాహరణ తీసుకున్నాను. నేను చెప్పిన పద్ధతి ప్రకారం బాణాలకి రంగు వేసుకుంటూ పోతున్నాను. రంగు తిరిగి తిరిగి రెండు చోట్లకే వస్తోంది. మూడో సున్నా తెల్లగా ఉండిపోయింది. ఎక్కడో పొరపాటు గీశాననుకుని తుడిచి మళ్ళీ గీశాను. మళ్ళీ అంతే.

నువ్వూ చూడు. వంతు మలికిపురానిది. మొదటి రోజు మలికిపురం దారి మూసేశారు, పల్లిపాలెం, లంక తెరిచి ఉన్నాయి. వరస ప్రకారం పల్లిపాలెం వెళ్ళారు. వంతు లంకది. మర్నాడు పంటు ఆగింది, మలికిపురం, పల్లిపాలెం తెరిచి ఉన్నాయి. లంక వంతు గాని దారి లేదు, కాబట్టి వరసలో తర్వాతిదైన మలికిపురం వెళ్ళారు. వంతు పల్లిపాలేనిది. మూడో రోజు పంటు తిప్పారు, పల్లిపాలెం, లంక తెరిచి ఉన్నాయి. వంతు పల్లిపాలేనిది కాబట్టి అక్కడికే వెళ్ళారు. ఆ తర్వాత మళ్ళీ పంటు ఆగింది. ఇలా రోజు విడిచి రోజు లంకకి దారి తెరుచుకుంటూనే ఉంటుంది. లంక వంతు వచ్చిన రోజున పంటు ఉండదు. పంటు ఉన్న రోజున వంతు ఉండదు. ఏడాది గడిచినా, పదేళ్ళు గడిచినా అంతే.

అది చూడగానే నాకు మార్తమ్మ గారు గుర్తొచ్చారు. లంక నుంచి పడవ మీద వచ్చి మన అరుగు కింద నిలబడిన రోజు నీకు గుర్తుందా? నేను ఆరో తరగతి. నువ్వు లోపల బియ్యం ఏరుతున్నావు.

"అయ్యగారూ, మా లంక మీకు గుర్తుందాండీ? మీరొచ్చి నెల దాటిపోయిందండి. మా మరిది బిడ్డకి పేరు పెట్టాలండి. మీరొస్తారని ఆపేమండి" అందావిడ.

"పంటు తిప్పట్లేదు కదమ్మా" అన్నారు నాన్నగారు.

"ఆయ్, ఆగిందండి. కానండి, మొన్న తిప్పేరండి, అంతకు ముందూ తిప్పేరండి. తిప్పిన రోజునే మీరు పల్లిపాలెం వెళ్ళేరంటండి."

నాన్నగారు లేచారు. చొక్కా వేసుకుని ఆవిడ వెంటే రేవుకి బయల్దేరారు. అది ఆయన కావాలని చేసిన తప్పు కాదు. ఎవరి దగ్గరికి వెళ్ళి చాలా రోజులైందో ఆయన మనసులో లేదు, అంతే. ఎవరెవరు ఎంతకాలంగా ఎదురు చూస్తున్నారో ఆ వరస మొత్తం గుర్తుంటే, దారి తెరుచుకున్న ఇద్దరిలో ఎక్కువ కాలం ఎదురు చూసినవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. అలా చేస్తే ఎవరూ మిగిలిపోరు. కాని వరస గుర్తుపెట్టుకోవడం వంతు గుర్తుపెట్టుకున్నంత తేలిక కాదు. మూడు చోట్లకి ఆరు వరసలు, నాలుగింటికి ఇరవై నాలుగు, ఐదింటికి నూట ఇరవై. ప్రస్తారాలు నువ్వు పిల్లలకి చెప్పే పాఠమే. పది చోట్లకి ఎంతవుతుందో నువ్వే లెక్కవేసుకో. నేను పది అన్నాను.

ఆ రోజు షీట్లన్నీ సంచీలో పెట్టుకుని గదికి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం చెప్పలేదు. బుధవారం చెప్పలేదు. నిరూపణలో ఏదో చిన్న షరతు చేరిస్తే నిలబడుతుందేమోనని చూశాను. నిలబడలేదు. తర్వాత ఇంకోలా ఆలోచించడం మొదలుపెట్టాను. ముగ్గురు చదివి పట్టుకోలేదు, ప్రొఫెసరు గారు పట్టుకోలేదు, సభలో అరగంట మాట్లాడితే ఎవరు పట్టుకుంటారు? ఈ నెలాఖరుకి నా పరిశోధనకి ఇంకో ఏడాది గడువు ఇవ్వాలా వద్దా అని కమిటీ కూర్చుంటుంది. గడువు వచ్చాక నెమ్మదిగా చెప్పొచ్చు కదా. ఇలా నేను ఆలోచించానని నీకు కాకుండా ఇంకెవరికీ చెప్పలేను. ఒకచోట కుదురుగా ఉండలేకపోయేదాన్ని. లైబ్రరీకి వెళ్ళి పుస్తకం తెరవకుండా వచ్చేసేదాన్ని. బస్సెక్కి చివరిదాకా వెళ్ళి అదే బస్సులో తిరిగి వచ్చేదాన్ని. డ్రైవరు ఒకరోజు దిగవా అన్నట్టు చూశాడు. నీ ఉత్తరం, ఆ ఫోటో, ఏడో రోజున వచ్చాయి.

కరీం గురించి నీకు ఇంతకు ముందు రాశాను. అల్జీరియా నుంచి వచ్చాడు, డిపార్టుమెంటులో నా గదిలోనే ఎదురు బల్ల దగ్గర కూర్చుంటాడు, నేను వచ్చిన కొత్తలో బస్సు పాసు దగ్గర్నించి అన్నీ చూపించింది అతనే. అతని థీసిస్ అయిపోవచ్చింది. మార్చి నెల మధ్యలో ఇచ్చేయాలి. సొంత ఊళ్ళో కాలేజీ ఉద్యోగం ఎదురు చూస్తోంది, భార్య ఎదురు చూస్తోంది. అతని థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం నా పేపరు మీద కట్టాడు.

తొమ్మిదో రోజు, బుధవారం, అతను నా బల్ల దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. థీసిస్ మొదట్లో కృతజ్ఞతలు చెప్పుకునే పేజీ. "నీ పేరు స్పెల్లింగ్ సరిగ్గా ఉందా చూడు. ఇంటిపేరు ముందు రావాలా వెనక రావాలా?" అని అడిగాడు. నా పేరు పక్కన, ఈవిడ పని లేకపోతే మూడో అధ్యాయం లేదు అని రాసి ఉంది.

నేను చదివాను. "భోజనానికి వెళ్దాం పద, అక్కడ చెప్తాను" అన్నాను.

క్యాంటీనులో పప్పు సూపు తీసుకున్నాం. అతను మూడు చెంచాలు తాగే దాకా ఆగి, చేతులు తుడుచుకునే కాగితం మీద మూడు సున్నాలు గీసి చూపించాను. ముందు నేనేదో సరదా లెక్క చెప్తున్నాననుకున్నాడు. తర్వాత చెంచా కింద పెట్టాడు. కాగితం తన వైపు తిప్పుకుని సున్నాల చుట్టూ రెండుసార్లు వేలు తిప్పాడు.

"ఇది నీ సిద్ధాంతం తప్పని చెప్తోంది" అన్నాడు.

"అవును."

"నా మూడో అధ్యాయం కూడా."

"అవును."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. నిన్న అనొచ్చు. ఈ పొద్దున్న అనొచ్చు. "తొమ్మిది రోజులైంది" అన్నాను.

అతను ఆ కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "తప్పు నేనూ చేస్తాను. దాని గురించి కాదు. ఈ తొమ్మిది రోజులూ నేను నీ ఎదురుగా కూర్చుని ఆ అధ్యాయమే రాస్తున్నాను. పొద్దున్నే వచ్చి, నువ్వు చూస్తుండగా రాస్తున్నాను."

సూపు అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. నేను ట్రేలు రెండూ తీసుకెళ్ళి పెట్టి వచ్చాను. గదిలోకి వెళ్తే అతను లేడు. కృతజ్ఞతల కాగితం నా బల్ల మీద నుంచి తీసేశాడు.

మర్నాడు ప్రొఫెసరు గారి గదికి వెళ్ళాను. ఆయన అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతారు. కోప్పడతారనుకున్నాను. బోర్డు మీద గీయమన్నారు. గీశాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, బోర్డు దగ్గరికి వచ్చి నిలబడి, ఒక్కో బాణం మీద వేలు పెట్టి చూశారు.

"నేను దీన్ని నాలుగుసార్లు చదివాను" అన్నారు. అది నాతో అన్న మాట కాదు. తర్వాత నావైపు తిరిగి, "పేపరు వెనక్కి తీసుకోవాలి. సభవాళ్ళకి ఉత్తరం మీరే రాయండి. నేను రాయను" అన్నారు.

"అలాగేనండి."

"కారణం పూర్తిగా రాయండి. ఈ బొమ్మ కూడా పెట్టండి."

బయటికి వచ్చేస్తుంటే వెనక్కి పిలిచారు. "వంతు చాలదని చూపించారు. వరస మొత్తం కావాలని ఇంకా చూపించలేదు. మధ్యలో ఏదైనా ఉండొచ్చు. మీ పని ఇప్పుడు అది" అన్నారు. ఓదార్పో, పనో నాకు తెలియలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ తెలియదు.

ఆ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. ఒక పేజీ ఉత్తరం. ఈ వారం మంగళవారం మా డిపార్టుమెంటు వాళ్ళందరి ముందు బోర్డు దగ్గర నిలబడి, నా సిద్ధాంతం ఎందుకు తప్పో నేనే చెప్పాను. పదిహేను మంది ఉంటారు. గీతలు తిన్నగానే వచ్చాయి. ఒకాయన, వేరే ఊరి నుంచి వచ్చినాయన, "ఈ ఉదాహరణ ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు. "నేనే" అన్నాను. "మరి సిద్ధాంతం ఎవరిది?" అన్నారు. "అదీ నాదే" అన్నాను. అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. కరీం వెనక వరసలో కూర్చున్నాడు, నవ్వలేదు. ప్రశ్నలు అవకముందే లేచి వెళ్ళిపోయాడు. బల్ల కూడా మార్చుకున్నాడు, ఇప్పుడు కారిడార్ చివర గదిలో కూర్చుంటున్నాడు. ఎదురు బల్ల ఖాళీగా ఉంది. తల ఎత్తినప్పుడల్లా అదే కనిపిస్తోంది.

కమిటీ నిన్న కూర్చుంది. ఏడాది ఇవ్వలేదు, ఆరు నెలలు ఇచ్చారు. ఆగస్టు లోపల ఏదో ఒకటి తేల్చాలి. తేలకపోతే ఏమిటన్నది ఇప్పుడు ఆలోచించను. నువ్వూ ఆలోచించకు. ఈ వేసవికి వస్తానన్నాను గాని రాలేను. మెర్సీకి నువ్వే ఏదో చెప్పు. అది అలిగితే ఫోనులో నాకివ్వు, నేను మాట్లాడతాను.

నీకు కోపం వచ్చి ఉంటుంది. పేపరు తప్పయినందుకు కాదు, నాకు తెలుసు. ఫోనులో జలుబన్నందుకు. కరీం కోపమూ అదే. నేను మీ ఇద్దరి దగ్గరా ఒకే తప్పు చేశాను. వేరు వేరు దేశాల్లో, వారం తేడాలో. ఇక్కడ ఎవరికీ నా మొహం చూస్తే ఏం జరిగిందో తెలియదు, అందుకని దాచడం అలవాటవుతోంది. నువ్వు పక్కన ఉంటే మొదటి రోజే పట్టుకునేదానివి.

చర్చిలో ఏం చెప్పాలో నీ ఇష్టం. చెప్పకుండా ఊరుకున్నా నేనేమీ అనుకోను. చెప్పాలనుకుంటే మాత్రం, ఆలస్యమైందనీ వాయిదా పడిందనీ చెప్పొద్దు. తప్పయిందనీ, తనే పట్టుకుందనీ, వెనక్కి తీసుకుందనీ చెప్పు. బడి బోర్డు ఈపాటికి ఎలాగూ తుడిచేసి ఉంటారు. తుడవకపోతే హెడ్మాస్టరు గారిని అడిగి నువ్వే తుడిపించు. అయ్యగారికి స్తోత్రం వెనక్కి తీసుకోవాలంటే ఎలాగో తెలియకపోవచ్చు. ప్రార్థనలో నా పేరు అలాగే ఉంచమను, కారణం మాత్రం మార్చమను.

నువ్వు తీరిక చేసుకుని ఒక పని చెయ్యి. మూడు చోట్లకి ఆరు వరసలూ గుర్తుండాలా, నాలుగో ఐదో చాలేలా ఇంకేదైనా ఉపాయం ఉందా, చూడు. నీ దగ్గర నువ్వు దిద్దిన పిల్లల పాత కాగితాలు ఉంటాయి, వాటి వెనకే చెయ్యి. చిన్నప్పుడు నేను తప్పు చేస్తే ఎక్కడో చెప్పకుండా "మళ్ళీ చూడు" అని కాగితం వెనక్కి ఇచ్చేదానివి. నాకు ఇప్పుడు అలాంటి మనిషి కావాలి. ఇక్కడ ఉన్నవాళ్ళు గొప్పవాళ్ళే గాని, వాళ్ళకి నేను ఎక్కడ తొందరపడతానో తెలియదు.

ఇంకా చిన్న చిన్నవి. చింతపండు అయిపోయింది, ఎవరైనా వచ్చేవాళ్ళుంటే కొంచెం పంపు. లేకపోతే వద్దు, నిమ్మకాయతో సరిపెట్టుకుంటున్నాను. రొయ్యలు మాత్రం పంపకు. నా పాత లెక్కల నోటు బుక్కులు బీరువా మీద ఉంటే చెదలు పట్టకుండా ఎండలో పెట్టు. బావగారికి మందు మానొద్దని చెప్పు. నువ్వు సైకిలు ఎక్కొద్దు. మార్తమ్మ గారు ఉన్నారో లేదో తెలియదు. లంక వాళ్ళెవరైనా కనిపిస్తే అడుగు, ఉంటే నా వందనాలు చెప్పు.

నేను బాగానే ఉన్నాను. ఇది ఈసారి నిజంగానే రాస్తున్నాను. తింటున్నాను, నడుస్తున్నాను, స్వెట్టరు వేసుకుంటున్నాను. పెద్దవాళ్ళందరికీ పేరు పేరునా నా వందనాలు, మెర్సీకి ముద్దులు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని ప్రార్థన చేసుకుని పడుకో, అంత దూరం నుంచైనా నాకు తెలుస్తుంది.

నీ చెల్లెలు,
కరుణ

తా.క. ఉత్తరం అతికించి, ఆదివారం గుడి నుంచి వచ్చేటప్పుడు పోస్టు డబ్బాలో వేద్దామని సంచీలో పెట్టుకున్నాను. ఇప్పుడు మళ్ళీ ఆ కవరు చింపి ఇది రాస్తున్నాను, వేరే రకం కవరులో వస్తే ఏమీ అనుకోకు.

గుడి అయ్యాక డిపార్టుమెంటుకి వెళ్ళాను. ఆదివారం కదా, ఎవరూ ఉండరనుకున్నాను. కరీం నా గదిలో, తన పాత బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. నన్ను చూసి పలకరించలేదు. పెద్ద కాగితం ఒకటి నా బల్ల మీద పరిచాడు. దాని మీద సున్నాలు, బాణాలు, చుట్టూ తన భాషలో సన్నటి రాత. మూడో అధ్యాయం పడగొట్టి మళ్ళీ కట్టాలంటే ముందు ఇది తేలాలి అన్నాడు. ఈ బొమ్మలో ఐదు సంగతులు గుర్తుపెట్టుకున్నా ఓడిపోతారని అతను అనుకుంటున్నాడు. ఆరు కావాల్సిందేనట.

"నాకు సరిగ్గానే కనిపిస్తోంది. అందుకే నీ దగ్గరికి తెచ్చాను. దీంట్లో తప్పు ఉంటే పట్టు" అన్నాడు.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఎంతసేపైనా చూడు. కాని కనిపిస్తే వెంటనే చెప్పాలి" అన్నాడు.

సరేనన్నాను. ఇప్పటికి గంటైంది. అతను టీ తేవడానికి వెళ్ళాడు, ఆ సందులో నీకు ఇది రాస్తున్నాను. ఇంకా ఏమీ కనిపించలేదు. చూస్తున్నాను.